బొట్టు పెట్టిన బూట్లు

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు. మా ముత్తాత ఓడ దిగినప్పుడు చంకలో పెట్టుకుని తెచ్చిన ఇత్తడి చెంబు మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం.

నేనెవరో తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు. మలేషియాలో మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా, నేను చెప్పిందాంట్లో సగం కోసి పారేసి, మిగిలిన సగం ఎండబెట్టి వినాలని చెబుతారు. కానీ నోటితో చెప్పడం వేరు, రాయడం వేరు. కాగితం మీద పెట్టిన అబద్ధం పెట్టినవాడికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకని చూసుకుని రాస్తున్నాను.

పామాయిల్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి, యాభై ఐదు నిండగానే బయటికొచ్చేశాను. చివరి పదిహేనేళ్ళూ షిఫ్టు సూపర్‌వైజర్ని. మిల్లుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి కొత్తగా వెళ్ళే మన పిల్లల కోసం తాము వేసే పుస్తకంలో నాలుగు ముక్కలు రాయమని తెలుగు సంఘంవాళ్ళు అడిగారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఏ ఫారం ఎవరికివ్వాలో రాయను. అవి మీ ఆఫీసు క్లర్కు చెబుతాడు. పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "అంకుల్, సేఫ్టీ బూట్లు ఖరీదైనవి సొంతంగా కొనుక్కోవాలా, కంపెనీ ఇచ్చేవి చాలా?" దానికి జవాబు రాస్తాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదీ, చెడగొట్టిందీ రెండూ అందులోనే ఉన్నాయి.

పని చేసేది పాదాలు

రోడ్డు మీద పోయేవాళ్ళకి మిల్లంటే పొగగొట్టం, వాసన. లోపల పనిచేసేవాడికి మిల్లంటే నేల. తోటల నుంచి గెలలు లారీల్లో వస్తాయి. వాటిని ఇనప బళ్ళలో నింపి, రైలు పెట్టెంత పొడుగున్న ఇనప గొట్టంలోకి తోసి, తలుపు బిగించి, ఆవిరితో ఉడకబెడతాం. దాన్ని స్టెరిలైజర్ అంటారు. తలుపు తీసేటప్పుడు మరుగుతున్న నీళ్ళు, నూనె కలిసి కాలవలోకి పోతాయి. కాలవ నిండి ఉంటే మన కాళ్ళ మీదికొస్తాయి. నేల మీద ఎప్పుడూ పల్చటి నూనె పొర ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా ఉంటుంది. షిఫ్టులో కూర్చునేది అన్నానికి మాత్రమే.

ఒక తీర్పు ముందే చెప్పేస్తాను. మిల్లులో అందరికన్నా మంచి బూట్లు తనిఖీకి వచ్చేవాళ్ళవి. వాళ్ళు అరగంట నడుస్తారు, అదీ మనం కడిగి ఆరబెట్టిన దారిలో. అందరికన్నా నాసిరకం బూట్లు కంట్రాక్టు మీద వచ్చిన నేపాలీ, బంగ్లా కుర్రాళ్ళవి. వాళ్ళు రోజంతా నూనెలో నిలబడతారు. నేను చేరిన రోజు ఇలాగే ఉంది, మానేసిన రోజూ ఇలాగే ఉంది.

మేనేజరు చోంగ్ నడిచిన పూట

నా సర్వీసులో ఎక్కువ కాలం మేనేజరు చోంగ్. గొప్ప ఇంజనీరు. బాయిలరు చప్పుడు విని ఏ గొట్టంలో తేడా ఉందో చెప్పేవాడు. బూట్ల దగ్గర మాత్రం ఆయన చెవి పనిచేసేది కాదు. ఏటా అందరికీ ఒకే రకం, చవక రకం, పెట్టెలకి పెట్టెలు దింపించేవాడు. సోలు జిగురుతో అతికించిన రకం. స్టెరిలైజర్ దగ్గర నేల వేడికి ఆ జిగురు కరిగేది. ఒకరోజు పొద్దున్న హాజరు తీసుకుని "పదండి" అన్నాను. పదకొండుమంది కదిలారు. పదకొండు జతల సోళ్ళు వరసలోనే నిలబడ్డాయి. ఒట్టు పెట్టాను కదా, ఇంకెందుకు అనుమానం.

రిపోర్టు రాశాను. చోంగ్ దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు. ఇంకోటి రాశాను. దాని మీదా పెట్టుకున్నాడు.

కౌలాలంపూర్ పెద్దాఫీసు నుంచి మనుషులు వస్తున్న రోజున ఆయన సొంత బూట్లు కనబడలేదు. ఎక్కడున్నాయో నాకు తెలుసు. "స్టోర్లో కొత్తవున్నాయి బాస్" అని కంపెనీ జత ఒకటి తెచ్చిచ్చాను. వాటితోనే వాళ్ళని మిల్లంతా తిప్పాడు. మధ్యాహ్నం నూనె పిండే ప్రెస్సు మేడ మెట్లు దిగుతూ రెండు చేతులా రెయిలింగు పట్టుకుని, నా ముందుకొచ్చి ఆగాడు.

"మనం అందరికీ ఇచ్చేవి ఇవేనా?"

"ఇవే బాస్."

"నాకెవరూ చెప్పలేదే."

"మీ టీ కప్పు కింద ఉంది బాస్."

తర్వాతి నెల బూట్లు మారాయి. పిల్లలూ, పైవాడికి బూటు గురించి రాయకండి. తొడిగించండి.

నా సొంత జత

కొత్తగా వచ్చినవి ఫరవాలేదు. మామూలు పాదాలకి సరిపోతాయి. కానీ అప్పటికే నా మడమలు పాడయ్యాయి. ఇపో పట్నం వెళ్ళి ఒక ఖరీదైన జత కొనుక్కొచ్చాను. ఎంతో చెప్పగానే మా ఆవిడ పెట్టె మూత తీసి చూసి, మళ్ళీ మూసేసింది.

"కాళ్ళకి పెట్టినంత కడుపుకి పెట్టవేటి?" అంది.

ఆ జత విలువేమిటో ఉడుము చెప్పింది. మిల్లు వెనక మురుగునీళ్ళ చెరువులుంటాయి. వాటి గట్ల మీద మనిషి పొడుగు ఉడుములు తిరుగుతాయి. పంపు చూడ్డానికి వెళ్ళి, ఎండకి పడుకున్న ఒకదాని తోక తొక్కాను. అది తిరిగి నా బూటు ముక్కు పట్టుకుంది. ఉడుంపట్టని పెద్దలు ఊరికే అనలేదు. లాగాను, విదిల్చాను, బతిమాలాను. వదల్లేదు. బూటు ముందు లోపల ఇనప టోపీ ఉంది కాబట్టి వేళ్ళకేమీ కాలేదు. పైగా ఆకలేస్తోంది. దాన్నలాగే ఈడ్చుకుంటూ క్యాంటీన్‌కి నడిచి, రెండు రోటీ చనాయ్ తిని, టీ చెప్పాను. టీ వచ్చేలోపు దానికే విసుగొచ్చి వదిలేసి, తలుపులోంచి దాని దారిన అది పోయింది. పళ్ళ గుర్తులు రెండు ఆ బూటు మీద చివరిదాకా ఉన్నాయి. ఆ జత నాలుగేళ్ళొచ్చింది.

పోలయ్య మామ

ఇక అసలు సంగతి. పోలయ్య మామ మా స్టెరిలైజర్ ఆపరేటరు. నాకన్నా పదేళ్ళు పెద్ద. చుట్టరికమేమీ లేదు. మా ఇద్దరి తాతలూ ఒకే ఎస్టేటు కూలీల లైన్లలో పెరిగారు కాబట్టి నేను మామా అంటాను, ఆయన అల్లుడూ అంటాడు.

ఆయనకి షుగరు. పాదాలు మొద్దుబారిపోయాయి. మేకు గుచ్చినా తెలీదు. పైగా బాతు పాదంలా వెడల్పు. కంపెనీ బూటు ఏ సైజు తొడిగినా పక్కలు ఒరుసుకునేవి. అందుకని రబ్బరు బూట్లలో గుడ్డలు కుక్కి వేసుకునేవాడు. ఒకరోజు పామాయిల్ గింజ పెంకు ముక్క ఒకటి బూటులో పడి, షిఫ్టంతా పాదం కింద ఉంది. ఇంటికెళ్ళి బూటు విప్పేదాకా ఆయనకి తెలీదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. ఈసారి ఆ కాలికి దెబ్బ తగిలితే వేళ్ళు తీసేయాల్సి వస్తుందని.

ఆయన కూతురు లక్ష్మి ఇపోలో నర్సు. ఇలాంటి కాళ్ళ కోసమే చేసిన జత ఒకటి వెతికి కొని పంపింది. వెడల్పు, ముందు ఇనుము, లోపల దూదిలాంటి మెత్తన, కింద తేలికపాటి మెత్తటి సోలు. అలాంటి బూటు నేను అంతకుముందు చూడలేదు. లోపల చెయ్యి పెడితే తీయబుద్ధి కాలేదు. అది కొనడానికి ఆ పిల్ల ఎన్ని అదనపు డ్యూటీలు చేసిందో పోలయ్య మామ అందరికీ చెప్పుకున్నాడు.

అదే వారం మిల్లులో ఆయుధ పూజ వచ్చింది. మీకు తెలుసు, ఆ పూట మిషన్లాపేసి, స్పానర్ల దగ్గర్నుంచి ఫోర్క్‌లిఫ్టు దాకా అన్నిటినీ కడిగి, వరసగా పెట్టి, చందనం, కుంకుమ పెడతాం. బండి చక్రాల కింద నిమ్మకాయలు. పోలయ్య మామ ఆ బూట్లు తెచ్చి ఆ వరసలో పెట్టాడు. చెరొక బొట్టు, చెరొక బంతిపువ్వు. ఎస్టేటు గుడి పూజారి, పండారం అంటాం, ఆయన వరసంతా హారతి తిప్పుకుంటూ పోయాడు. బూట్లని చూశాడో లేదో తెలీదు. భక్తి ఎక్కువైతే ఇంతే. పూజయ్యాక పోలయ్య మామ వాటిని పెట్టెలో పెట్టేసి, మళ్ళీ ఆ రబ్బరు బూట్లే తొడుక్కున్నాడు.

"అవేటి మామా, కొత్తవి ఏసుకోవా?"

"అమ్మోరు ముట్టుకున్న వస్తువు అల్లుడూ. అందులో కాలెలా ఎడతాను?"

"బొట్టెట్టిన స్పానరు పట్టుకుంటున్నావు గదా. బొట్టెట్టిన ఫోర్క్‌లిఫ్టు మీద కూకుంటన్నారు గదా."

"పట్టుకోడం ఏరు, కూకోడం ఏరు. తొక్కడం ఏరు."

పెట్టె ఇంటికి పోయింది, బీరువా మీదికెక్కింది. శుక్రవారం శుక్రవారం దానికి అగరొత్తి చూపిస్తున్నాడని వాళ్ళావిడ చెప్పింది. మూడు ఆయుధ పూజలు గడిచాయి. ఈలోగా నేను చెయ్యని ప్రయత్నం లేదు. కోప్పడ్డాను. డ్యూటీ మారుస్తానన్నాను. స్టెరిలైజర్ తప్ప ఇంకేదీ చెయ్యనన్నాడు.

ఒకసారి లక్ష్మి నాకు ఫోను చేసింది. "అన్నా, నాన్న ఆ బూట్లు వేసుకుంటున్నాడా? నేనడిగితే ఊఁ అంటాడు, ఆ ఊఁ నాకు నచ్చలేదు."

"వేసుకుంటున్నాడమ్మా" అన్నాను.

ఎందుకన్నానంటే, అప్పటికి ఆ మాట తేలిగ్గా ఉంది.

ఆ ఫోను తర్వాత నిద్రపట్టక పండారం దగ్గరికెళ్ళాను. ఆయన తమిళంలో అన్న మాటకి అర్థమిది: "వినాయకుణ్ణి పూజ చేసి నీళ్ళలో కలపడం లేదా? సాగనంపేస్తే వస్తువు వస్తువే. తీసుకురండి." తీసుకెళ్ళాం. పండారం నిమ్మకాయ కోసి, పెట్టెని కొంచెం ఉత్తరానికి జరిపి, వెళ్ళిరా తల్లీ అన్నాడు. ఎండిపోయిన బొట్లు తడిగుడ్డతో తుడిచేశాడు.

బయటికొచ్చాక పోలయ్య మామ ఆగాడు. "అమ్మోరు ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోయింది మామా."

"నువ్వు సూసినావా?"

"సూపర్‌వైజర్ని. అన్నీ చూస్తాను."

ఒక్క షిఫ్టు

మర్నాడు పొద్దున్న ఆయన ఆ బూట్లతో వచ్చాడు. పెళ్ళికొడుకులా నడిచాడు. ఆగి, మడమ ఎత్తి దించి, "ఏటి అల్లుడూ, నేల లేనట్టుంది" అన్నాడు. సంతోషంగా అన్నాడు. నేనూ సంతోషించాను.

లాకర్ల గది నుంచి స్టెరిలైజర్ దాకా నేల మీద నల్లటి పొడి పడుతూ ఉంది. మిల్లులో నల్లటి పొడికి కొరతా? పట్టించుకోలేదు. రెండు తలుపులు తీశాడు. మూడోది తీసేటప్పటికి కాలవ నిండి పొర్లింది. మామూలే. పక్కకి జరిగాడు, మీట పట్టుకుని నిలబడ్డాడు, పని చేసుకుంటున్నాడు.

నేను చూసింది ఆయన్ని కాదు. తడి నేల మీద అడుగుల్ని చూశాను. ఎడమ అడుగు బూటు అచ్చు. కుడి అడుగు మేజోడు అచ్చు.

"మామా, కుడికాలు ఎత్తు."

"ఏటయింది?"

ఎత్తాడు. సోలు లేదు. తడిసిన కేకులా పొడిపొడిగా రాలిపోయింది. మరిగే నీళ్ళు ఎప్పుడు లోపలికెళ్ళాయో ఆయనకి తెలీదు. కూర్చోబెట్టి మేజోడు విప్పాను. మేజోడుతోపాటు వచ్చింది ఏమిటో రాయను. పోలయ్య మామ తన కాలిని ఎవరిదో అన్నట్టు చూశాడు. "నొప్పి లేదు అల్లుడూ" అని నాకే ధైర్యం చెప్పాడు.

రెండు వేళ్ళు తీసేశారు, చిటికెనవేలు, దాని పక్కది. ఆసుపత్రి వరండాలో లక్ష్మి నా దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "వేసుకుంటున్నాడని చెప్పారు కదన్నా. మూడేళ్ళు వేసుకుని ఉంటే ఈపాటికి ఇంకో జత కొనేదాన్ని." అంతే అని లోపలికెళ్ళిపోయింది.

తర్వాత ఇపోలో బూట్లమ్మే ఒక ముసలాయన్ని అడిగాను. ఆ రకం మెత్తటి సోలుని మన గాలిలో ఉండే చెమ్మ తినేస్తుందట. రోజూ తొక్కుతుంటే చెమ్మ బయటికి పోయి కొంతకాలం ఆగుతుంది. పెట్టెలో మూసిపెడితే కూర్చున్నచోటే కుళ్ళుతుంది. పైకి మాత్రం కొత్తగా కనబడుతుంది. "మీవాళ్ళు బూటంటే బంగారం అనుకుంటారు" అన్నాడాయన. "బూటంటే అరటిపండు."

ఇంతకీ కొనాలా

రోజంతా నిలబడే పనైతే కొనండి. అప్పు చేసి వద్దు గానీ, ఫోను మార్చే డబ్బుతో కొనండి. కుర్చీలో కూర్చునే పనైతే ఖరీదైన బూటు మీ సరదా, దాన్ని అవసరమని ఇంట్లో చెప్పకండి. కొనేది సాయంత్రం పూట, పాదం ఉబ్బి ఉన్నప్పుడు. తాళ్ళున్న రకం చూడ్డానికి బాగుంటుంది. కానీ మన దేశంలో గుడి దగ్గర, ఇంటి దగ్గర, పక్కవాడి గడప దగ్గర రోజుకి పదిసార్లు విప్పాలి. మూడో రోజుకి మడమ తొక్కి చెప్పుల్లా వాడతారు. కాబట్టి పక్కన సాగే పట్టీ ఉన్నది కొనండి. షుగరుంటే వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి, విప్పాక పాదం అద్దంలో చూసుకోండి. ఏడాదికి పైగా అటకెక్కిన జతని, ఎంత ఖరీదైనదైనా, వంచి చూడకుండా పనికి తొడగొద్దు. అన్నిటికన్నా ముందు మాట, కొన్న రోజే వేసుకోండి. మంచిరోజు కోసం దాచిన చీర పనికొస్తుంది, దాచిన బూటు పనికిరాదు. పాత బూట్లు చిరిగినా వాటితో ఇంకో ఆర్నెల్లు లాగుదామనే మన ఇళ్ళ పొదుపు ఇక్కడ చెల్లదు.

ఖరీదైన బూటు ఆ ఖరీదుకి తగునా అని కదా అడిగారు. తగుతుంది. పోలయ్య మామకి తగిన బూటు అది. దోషం బూటుది కాదు.

ఒప్పుకోలు

ఇందులో నేను కల్పించింది ఒక్క వాక్యం. మీరనుకుంటున్నది కాదు.

ఆ బూట్లు పోలయ్య మామ తెచ్చి వరసలో పెట్టాడని రాశాను. ఆయన పెట్టలేదు. పూజ రోజు పొద్దున్న పెట్టె తెచ్చి అందరికీ చూపించి, బల్ల మీద వదిలి మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. ఆ సందులో నేను బూట్లు తీసి స్పానర్ల పక్కన పెట్టాను. చందనం, కుంకుమ నా వేలితోనే పెట్టాను. బంతిపువ్వులు ఫోర్క్‌లిఫ్టు దండలోంచి పీకాను. ఆయనొచ్చి చూసి, తిట్టి, బూట్లు లాక్కుంటే అందరం నవ్వుకుందామని. అంతకుమించి ఏ ఆలోచనా లేదు.

ఆయన వచ్చేసరికి హారతి అయిపోతోంది. చూసి నిలబడిపోయాడు. "ఎవులు ఎట్టినారు అల్లుడూ?" అని నన్నే అడిగాడు.

"ఏమో మామా. అమ్మోరికి నచ్చినట్టున్నాయి" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన చెంపలేసుకున్నాడు.

తర్వాత మూడేళ్ళలో ఎప్పుడైనా, నేనే పెట్టాను మామా, ఆటకి పెట్టాను అనుంటే సరిపోయేది. కోప్పడ్డాను, ఫోర్క్‌లిఫ్టు లెక్కలు చెప్పాను, పండారాన్ని తెచ్చాను, నిమ్మకాయ కోయించాను. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. మొదటి వారం సిగ్గేసింది. ఆ తర్వాత ఆలస్యమైపోయిందనిపించింది. కాలు కాలాక ఇక ఎలా చెప్పను?

పోలయ్య మామ ఇప్పుడు తెలుక్ ఇంటాన్‌లోనే, మార్కెట్టు వెనక ఉంటున్నాడు. నెలకోసారి చూడ్డానికి వెళ్తాను. "రెండు వేళ్ళు అడిగినాది అమ్మోరు, ఇచ్చినాను. మిగతావి ఒదిలినాది" అంటాడు, ఏ బాధా లేకుండా. నేను టీ తాగి వచ్చేస్తాను.

మా మిల్లులో పనిచేసినవాళ్ళలో నేను తప్ప తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు. పోలయ్య మామది తమిళ బడి చదువు. ఇది తెలుగులో రాయడానికి ఒప్పుకున్నది మొదట్లో ఆ ధైర్యంతోనే. రాస్తూ రాస్తూ ఉండగా గుర్తొచ్చింది, లక్ష్మి సంఘంవాళ్ళ ఆదివారం క్లాసులో చదవడం నేర్చుకుంది. ఈ పుస్తకం వాళ్ళింటికీ వెళ్తుంది. తెలుగు ఏది దొరికినా నాన్నకి చదివి వినిపిస్తుందని విన్నాను.

లక్ష్మీ, ఇక్కడ ఆపకమ్మా. ఆయనకి వినబడేలా చదువు.